ముసలి చెట్టు కన్ను

"నవ్వొద్దు అల్లుడా, ఒక మాట అడుగుతా" అన్నాడు మా మామ.

తాడిపత్రి పక్కన ఆయనకు చీనీ (బత్తాయి) తోట ఉంది. పాత చెట్లు కొన్ని ఎండిపోతే, వాటి చోట నాటుకోవడానికి ఈసారి సొంతంగా అంటు కట్టుకుంటున్నాడు. రంగపూర్ నిమ్మ మొక్క ముందు గొంతుక్కూర్చుని, పెన్సిలంత లావున్న కాండం మీద, నేలకు జానెడు ఎత్తులో, కత్తి మొనతో టి ఆకారంలో గాటు పెట్టాడు. గాటు దగ్గర బెరడును రెండు పక్కలా మెల్లగా లేపితే లోపల తెల్లటి కొయ్య తడిగా మెరిసింది. చెట్టులో రసం ఆడుతున్నప్పుడే బెరడు అట్లా లేస్తుంది. చీనీ పుల్ల నుంచి చెక్కిన కన్ను, అంటే చిగురు మొగ్గ, వేలిగోరంత ఉంటుంది, దానికి ఆకు కాడ మొండెం ఒకటి అంటుకుని ఉంటుంది. ఆ ముక్కను గాటులోకి జార్చి, ప్లాస్టిక్ పట్టీతో కింది నుంచి పైకి చుట్టి, కన్ను మాత్రం బయటికి కనబడేట్టు వదిలాడు.

"ఈ పుల్ల కోసింది మా నాయన పెట్టిన చెట్టు నుంచి. ఆ చెట్టు కన్ను ఇంకేదో ముసలి చెట్టుది. దాని కన్ను అంతకు ముందుదానిది. అట్లా లెక్క తీస్తే ఈ కంటి వయసు నీకంటే నాకంటే ఎక్కువ. అట్లాంటప్పుడు ఈ మొక్క పుట్టడమే ముసల్దిగా పుట్టినట్టు కాదా? ఎన్నేండ్లు కాస్తాది?"

నేను డిగ్రీ పిల్లలకు బాటనీ చెప్తాను. ఆ ప్రశ్నకు నవ్వు రాలేదు, టెన్షన్ వచ్చింది. ఎందుకంటే ఇదే అనుమానం చాలా పెద్దవాళ్లకే వచ్చింది. ఇంగ్లండులో థామస్ ఆండ్రూ నైట్ అనే తోటల పండితుడు 18వ శతాబ్దం చివర్లో పాత ఆపిల్ రకాలు ఎక్కడ అంటు కట్టినా రోగిష్టిగా పెరగడం చూసి, రకానికి కూడా ఆయుష్షు ఉంటుందని, తల్లి చెట్టు వయసు అంటులోకి వస్తుందని వాదించాడు. రెండు వందల ఏళ్ల తర్వాత డాలీ అనే గొర్రె విషయంలో అదే మాట మళ్లీ లేచింది. ఆరేళ్ల గొర్రె పొదుగు కణం నుంచి 1996లో డాలీని పుట్టించారు. 1999లో చూస్తే దాని క్రోమోజోముల (కణంలో జన్యు సమాచారం మోసే పోగుల) కొసలు ఆ వయసు గొర్రెలకు ఉండాల్సిన దానికంటే పొట్టిగా ఉన్నాయి. 2003లో అది పోయింది. దాని చావుకు కారణం ఒక వైరస్ వల్ల వచ్చిన ఊపిరితిత్తుల కణితి. అయినా జనం నోట నిలిచింది మాత్రం "ముసలి కణం నుంచి పుట్టింది కదా, అందుకే" అన్న మాటే.

మరి బనగానపల్లె మామిడి సంగతేమిటి? ఆ పండు టెంక నాటితే వచ్చే చెట్టు బనగానపల్లె కాదు, ఇంకేదో అవుతుంది. కాబట్టి మనం చూసే ప్రతి బనగానపల్లె చెట్టూ అంటు చెట్టే. ఒక చెట్టు కొమ్మ ఇంకో చెట్టుకు, దాని కొమ్మ మరో చెట్టుకు అని ఎక్కుతూ వచ్చింది. నవాబుల కాలం నుంచి ఒకే చెట్టు ఒళ్లు వేల తోటల్లో పరుచుకుని ఉంది. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకుంది. మామ లెక్క నిజమైతే అది ఎప్పుడో కాటికి కాళ్లు చాపాలి. కానీ ప్రతి మే నెలలోనూ బండ్ల మీద కుప్పలుగా కనిపిస్తోంది.

కుచ్చులు లేని కొంగు

ధర్మవరం చీర ఇంటికి రాగానే ఆడవాళ్లు చేయించే మొదటి పని కొంగుకు కుచ్చులు. అడ్డపోగు ఆగిపోయిన చోట నిలువు పోగులు విడివిడిగా వేలాడుతుంటాయి. వాటిని పాయలుగా తీసి ముడి వేయకపోతే కొన్నాళ్లకు కొంగంతా పీచు లేస్తుంది.

క్రోమోజోమ్ కూడా పొడవాటి డీఎన్‌ఏ పోగే. దానికీ రెండు కొసలు ఉంటాయి. చీనీ కణంలో 18 క్రోమోజోములు, అంటే 36 కొసలు. చెనిక్కాయలో 40, అంటే 80. మనిషికి 46, అంటే 92. ఈ కొసల మీది కుచ్చులే టెలోమియర్లు. వీటిలో పువ్వు రంగుకో పండు తీపికో సంబంధించిన సమాచారం ఏమీ ఉండదు. ఒకే చిన్న మాట వందలసార్లు, వేలసార్లు వరసగా రాసి ఉంటుంది. డీఎన్‌ఏ రాతలో ఎ, టి, జి, సి అని నాలుగే అక్షరాలు. ఎక్కువ మొక్కల్లో ఆ మాట టి-టి-టి-ఎ-జి-జి-జి. మనిషిలో ఒక టి తక్కువ, టి-టి-ఎ-జి-జి-జి. రామకోటి రాసినట్టు రాసిన ఆ మాటల మీద కొన్ని ప్రొటీన్లు కూర్చుని కొసను కప్పి ఉంచుతాయి.

కప్పకపోతే ఏమవుతుందో మొదట చూపించింది మొక్కజొన్న. కణంలో ఎప్పుడూ ఒక రిపేరు ముఠా తిరుగుతుంటుంది. తెగిన డీఎన్‌ఏ కొస కంటపడితే చాలు, పక్కనున్న మరో కొసతో అతికించేస్తుంది. అది దాని ఉద్యోగం. కుచ్చులు లేని క్రోమోజోమ్ కొస దానికి తెగిన కొసలాగే కనిపిస్తుంది. అలా రెండు క్రోమోజోములు అతుక్కుంటే, కణం రెండుగా చీలేటప్పుడు చెరో వైపూ గుంజుతారు. మధ్యలో పుటుక్కున తెగుతుంది. తెగిన కొసలు మళ్లీ అతుక్కుంటాయి, మళ్లీ తెగుతాయి. అమెరికాలో బార్బరా మెక్లింటాక్ 1930ల చివర్లో మైక్రోస్కోపు కింద ఈ గొడవంతా కళ్లారా చూసింది. ఇంచుమించు అదే రోజుల్లో, 1938లో, ఈగల మీద ఎక్స్‌రేలు కొట్టి పనిచేస్తున్న హెర్మన్ ముల్లర్ ఈ కొసలకు టెలోమియర్ అని పేరు పెట్టాడు. గ్రీకులో చివరి భాగం అని అర్థం.

మెక్లింటాక్ చూసిన వాటిలో నాకు బాగా ఇష్టమైన విషయం ఇంకొకటి ఉంది. మొక్కజొన్న గింజను గోటితో చీల్చి చూడండి. ఎక్కువ భాగం పిండి, ఒక మూలన చిన్న పిండం. తెగిన క్రోమోజోమ్ పిండి భాగంలోకి చేరితే తెగడం, అతుక్కోవడం ఆగకుండా సాగి గింజ మీద రంగులు మచ్చలు మచ్చలుగా పడతాయి. అదే తెగిన క్రోమోజోమ్ పిండంలోకి చేరితే కొస మానిపోతుంది. ఆ మొక్క మామూలుగా పెరుగుతుంది. పిండిలో లేనిది, పిండంలో ఉన్నది ఏమిటి? 1941లో ఆమె దీన్ని రాసేనాటికి డీఎన్‌ఏ మెలిక ఆకారమే ఎవరికీ తెలియదు. జవాబు కోసం నలభై ఏళ్లకు పైగా ఆగాల్సి వచ్చింది. ఆమెకు 1983లో నోబెల్ వచ్చింది గానీ ఇందుకు కాదు, ఈ తెగిన క్రోమోజోముల వెంట పడి పోతుంటే దొరికిన గెంతే జన్యువులకు.

మడక తిరిగే చోటు

అతుక్కోవడం ఒక బాధైతే, అరిగిపోవడం రెండోది. ఎద్దులతో మడక దున్నినవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. మడక గట్టు దాకా పోదు. ఎద్దులు తిరగడానికి కొంత చోటు వదలాలి. ఆ చివరి నేల దున్నకుండా మిగిలిపోతుంది.

డీఎన్‌ఏకు నకలు తీసే ఎంజైమ్‌ది కూడా ఇదే అవస్థ. అది ఖాళీ జాగాలో పని మొదలుపెట్టలేదు. ముందుగా డీఎన్‌ఏకు చుట్టమైన ఆర్‌ఎన్‌ఏ ముక్క ఒకటి చిన్నది వేసి పెడితే, దానికి ఆనుకుని సాగుతుంది. సాగడం కూడా ఒకే దిశలో. రెండు పోగుల్లో ఒకదానికి అడ్డు లేదు. రెండోదాన్ని మాత్రం ముక్కలు ముక్కలుగా కట్టుకుంటూ రావాలి. పని అయ్యాక ఆర్‌ఎన్‌ఏ ముక్కలను తీసేసి ఆ ఖాళీలు పూడుస్తారు. అన్నిటినీ పూడ్చొచ్చు, చిట్టచివరిదాన్ని తప్ప. దాని వెనక ఆనుకోవడానికి ఏమీ ఉండదు. అలా కణం చీలిన ప్రతిసారీ కొస కాస్త తరుగుతుంది.

ఈ చిక్కును మొదట పట్టుకున్నది రష్యాకు చెందిన అలెక్సీ ఒలోవ్నికోవ్. మాస్కో మెట్రో స్టేషన్లో రైలు వస్తుంటే చూస్తూ నిలబడినప్పుడు ఆలోచన తట్టిందని చెప్పుకున్నాడు. రాసింది 1971లో. మరుసటి ఏడాది జేమ్స్ వాట్సన్ తన దారిలో తాను ఇదే చోటికి చేరాడు. ఒంట్లోంచి తీసి పెంచిన మనిషి కణాలు ఒక యాభైసార్లు చీలి ఆగిపోతాయని లెనార్డ్ హేఫ్లిక్ 1961లోనే చూపించి ఉన్నాడు. రెండూ కలిపి చూస్తే, కొస అరగడమే కణానికి గడియారం అనిపించింది. ఆ బొమ్మ ఎంత ముచ్చటగా ఉందంటే, ఇప్పటికీ పేపర్లలో టెలోమియర్ అనగానే ఆయుష్షు కొవ్వొత్తి అంటూ రాస్తుంటారు. మొక్కల దగ్గరికి వచ్చేసరికి ఆ కొవ్వొత్తి పనికిరాదు.

తరిగిన కొసను తిరిగి కట్టే మేస్త్రీ ఉన్నాడు. చెరువు నీటిలో బతికే టెట్రాహైమినా అనే ఒంటికణ జీవిలో ఈ కొసల మాటను 1978లో చదివింది ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, జోసెఫ్ గాల్‌తో కలిసి. ఆమె దగ్గర చదువుతున్న కరోల్ గ్రైడర్ 1984 క్రిస్మస్ రోజున ల్యాబ్‌కు వెళ్లి ఫిల్మ్ కడిగి చూస్తే, కొసలకు కొత్త మాటలు మెట్లు మెట్లుగా చేరుతున్నట్టు కనిపించింది. ఆ పని చేస్తున్న ఎంజైమే టెలోమరేజ్. దాని ప్రత్యేకత ఏమిటంటే, ఇటుకలు కోసే అచ్చును వెంటపెట్టుకునే తిరుగుతుంది. ఒక ప్రొటీన్, దాని ఒళ్లో ఒక ఆర్‌ఎన్‌ఏ. ఆ ఆర్‌ఎన్‌ఏలో కొస మాటకు అచ్చు ఉంటుంది. కొస దగ్గర అచ్చు పెట్టడం, ఒక మాట పోయడం, జరగడం, మళ్లీ పెట్టడం. బ్లాక్‌బర్న్, గ్రైడర్, జాక్ షోస్టాక్‌లకు 2009లో నోబెల్ ఇచ్చింది ఈ కొసల పనికే. మెక్లింటాక్ చూసిన మొక్కజొన్న పిండంలో తెగిన కొసను మాన్పింది కూడా ఈ మేస్త్రీయే.

ఉల్లిపాయ దాచిన మాట

ఇక్కడ కర్నూలు ఉల్లిగడ్డ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. బాటనీ చదివిన ప్రతివాళ్లూ జీవితంలో ఒక్కసారైనా గ్లాసు నీళ్ల మీద ఉల్లిగడ్డ కూర్చోబెట్టి ఉంటారు. మూడు రోజుల్లో తెల్లటి వేళ్లు దిగుతాయి. మొనలు కోసి, ఆమ్లంలో కాస్త వెచ్చబెట్టి, అసిటోకార్మిన్ రంగు చుక్క వేసి, గాజుపలక మీద కవర్‌స్లిప్ కింద బొటనవేలితో అదిమితే, ఎర్రటి పురుగుల్లా క్రోమోజోములు విడిపడి కనిపిస్తాయి. ఉల్లికి 16. ధర పడిపోయిన ఏడాది మార్కెట్ యార్డు నుంచి బస్తా ఊరికే తెచ్చి ప్రాక్టికల్స్ చేయించిన రోజులు నాకు గుర్తు.

ప్రపంచమంతా ఇన్ని తరాల పిల్లలు చూసిన ఆ క్రోమోజోముల కొసన ఏం రాసుందో 2016 దాకా ఎవరికీ తెలియదంటే నమ్ముతారా! 1988లో ఎరాబిడాప్సిస్ అనే ఆవాల కుటుంబపు చిన్న మొక్కలో టి-టి-టి-ఎ-జి-జి-జి చదివారు. మొక్కలన్నిటికీ అదే అనుకున్నారు. ఉల్లిలో వెతికితే లేదు. మనుషుల మాట వెతికితే అదీ లేదు. ఉల్లి డీఎన్‌ఏ మొత్తం మనిషిదానికి ఐదు రెట్లు, అందులో గాలించడం అంటే గడ్డివాములో సూది వెతకడమే. చివరికి చెక్ దేశంలోని బ్రనో నగరం శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. మెండెల్ బఠానీలు నాటిన ఊరే అది. ఉల్లి కొస మాట సి-టి-సి-జి-జి-టి-టి-ఎ-టి-జి-జి-జి. ఏడు అక్షరాలు కాదు, పన్నెండు.

ఈ వింత ఉత్తి వింతగా పోలేదు. మొక్కల టెలోమరేజ్‌లో అచ్చుగా ఉండే ఆర్‌ఎన్‌ఏ ఏదో అప్పటికి తేలలేదు. ఏడక్షరాల మాటకు అచ్చు వెతికితే ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది, అసలుదేదో తెలియదు. పన్నెండక్షరాల మాట అయితే యాదృచ్ఛికంగా దొరికే అవకాశం తక్కువ. అదే బృందం ఉల్లి జాతిలో ముందు అచ్చును పట్టి, దాని పోలికలు వెంట పెట్టుకుని వెళ్లి, 2019లో నేల మొక్కలన్నిటి అచ్చునూ బయటపెట్టింది. అందరికంటే తిక్కగా రాసిన ఉల్లి వల్లే మిగతావాళ్ల దస్తూరి తెలిసింది.

పెరటి కలబందది ఇంకో తమాషా. దాని కొసల్లో మొక్కల మాట కాదు, అచ్చంగా మనుషుల మాట టి-టి-ఎ-జి-జి-జి ఉంటుంది. దానివల్ల కలబంద మొహానికి మంచిదని ఎవరైనా చెబితే నమ్మకండి, ఆ రెంటికీ ఏ సంబంధం లేదు.

మొవ్వలో మెలకువ, ఆకులో నిద్ర

టెలోమరేజ్ అన్ని కణాల్లోనూ పని చేయదు. మనిషి ఒంట్లో పుట్టక ముందే చాలా కణాల్లో దాన్ని ఆపేస్తారు. మొక్కలో ఎక్కడుందో 1990ల్లో రకరకాల మొక్కలు కోసి చూశారు. వేరు మొనలో ఉంది. మొగ్గలో, పువ్వులో ఉంది. మొలకలో ఉంది. ముదిరిన ఆకులో, కాండంలో లేదు, లేదా లెక్కకు రానంత తక్కువ.

అంటే ఎక్కడ కణాలు చీలుతున్నాయో అక్కడ మేలుకుని ఉంటుంది. ఆకు ఇంక పెరగదు, దానికి మేస్త్రీ ఎందుకు? కొన్నాళ్లు వంట చేసి రాలిపోతుంది. అసలు తేడా ఏమిటంటే, మన ఒంట్లో ఆపేసిన చోట మళ్లీ మామూలుగా లేపరు. మొక్క లేపుతుంది. పొగాకు ఆకు ముక్కను హార్మోన్లు కలిపిన జెల్లీ మీద పెడితే ఆకు కణాలు తమ ఉద్యోగం మరిచిపోయి ముద్దగా పెరగడం మొదలెడతాయి. ఆ ముద్దలో టెలోమరేజ్ మళ్లీ ఉంటుంది. చిగురు పెరుగుదలను నడిపే ఆక్సిన్ హార్మోన్‌కు ఈ మేలుకొలుపులో చెయ్యుందని పొగాకు కణాల మీద, ఎరాబిడాప్సిస్ మీద చేసిన ప్రయోగాలు చెబుతున్నాయి.

పులివెందుల వైపు అరటి తోటల్లో నాటే జీ-9 టిష్యూ కల్చర్ మొక్కలు ఇలాగే సీసాల్లోంచి వస్తాయి, కాకపోతే ఆకుల నుంచి కాదు, పిలక మొవ్వ నుంచి. ఆ అరటి కణంలో 33 క్రోమోజోములు, 66 కొసలు. సీసాలో ఒక మొవ్వ నుంచి వందల మొక్కలు చేసినా ఆ కొసలు అరిగి ఆగిపోవు. అయినా మంచి ల్యాబులు ఒకే మొవ్వను హద్దు లేకుండా చీల్చుకుంటూ పోవు, కొన్ని విడతల తర్వాత కొత్త పిలక తెచ్చుకుంటాయి. కారణం టెలోమియర్ కాదు, సీసాల్లో ఎక్కువ కాలం ఉంచితే డీఎన్‌ఏలో వేరే తప్పులు చేరి, గెల సరిగా వేయని మొక్కలు తేలతాయి.

మరి మనుషుల్లో ఎందుకు ఆపేశారు, మొక్కల్లో ఎందుకు వదిలేశారు? మనలో ఒక కణం హద్దు మీరి చీలడం మొదలుపెడితే రక్తంలో ఎక్కి ఊరంతా తిరుగుతుంది. నూటికి 85 నుంచి 90 క్యాన్సర్లలో టెలోమరేజ్ మళ్లీ పనిచేస్తూ ఉంటుంది. మొక్క కణానికి చుట్టూ గోడ. పుట్టిన చోటే ఉంటుంది. చెట్టుకు బొడిపె వస్తుంది గానీ ఆ బొడిపె కాండం నుంచి వేరుకు పాకి ప్రాణం తీయదు. ఆ ధైర్యం ఉంది కాబట్టి మేస్త్రీని పనిలో ఉంచుకోగలిగింది.

పది తరాలు

మేస్త్రీని పూర్తిగా తీసేస్తే? అమెరికాలో టెక్సస్‌లోని డొరతీ షిప్పెన్ బృందం ఎరాబిడాప్సిస్‌లో టెలోమరేజ్ జన్యువును చెడగొట్టి చూసింది. మొదటి తరం మొక్కలు మామూలుగా పెరిగాయి. విత్తనాలు తీసి నాటారు, రెండో తరం బాగుంది. మూడు, నాలుగు, ఐదు తరాలు పక్కపక్కన పెడితే ఏది మంచిదో ఏది చెడ్డదో తెలియదు. లోపల మాత్రం ఒక్కో తరానికి సుమారు 500 అక్షరాల వరకు కొసలు తరుగుతూ వచ్చాయి. ఆ మొక్కకు మొదట ఉన్నదే రెండు నుంచి ఐదు వేల అక్షరాలు.

ఆరో తరం నుంచి లెక్క బయటపడింది. ఆకులు వంకరలు, విత్తనాలు తక్కువ. మైక్రోస్కోపు కింద మెక్లింటాక్ చెప్పిన వంతెనలే, అతుక్కున్న క్రోమోజోములు చెరో వైపూ లాగబడుతూ. పదో తరం దాటి పోలేదు. చివరి మొక్కలు కొన్ని పూత కాడ వేయకుండానే ఆగిపోయాయి, మొవ్వ ఉబ్బి, ఆకారం తప్పి. 2001లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. అందులో చదివినవాళ్లను ఆపేసే మాట ఒకటుంది. ఆ చివరి తరాల మొక్కలు మామూలు మొక్కల కంటే ఎక్కువ కాలం బతికాయి.

కొవ్వొత్తి కథ ఇక్కడే ఆరిపోతుంది. కొసలు అరిగి, వంశం ఆగిపోయే దశలో ఉన్న మొక్క ఆయుష్షు పెరిగింది! కారణం చిత్రమైనదేమీ కాదు. చెనిక్కాయ చెట్టు నాలుగు నెలల్లో ఎందుకు పండి ఎండుతుంది? కాయలు ఒంట్లోని సత్తువనంతా గుంజుకుంటాయి, హార్మోన్లు ఆకులకు ఇక చాలని చెబుతాయి. పూతే రాని మొక్కను గుంజుకునేది ఎవరు? అది అట్లాగే పచ్చగా కూర్చుంటుంది. టెలోమియర్ కాపాడేది కణాల వంశాన్ని. మొక్క ఎన్నాళ్లు బతకాలన్నది తేల్చేది వేరే లెక్కలు.

పొడవులు పక్కపక్కన పెట్టినా ఇదే తేలుతుంది. కొన్ని నెలలు బతికే పొగాకుకు లక్షన్నర అక్షరాల దాకా టెలోమియర్లు ఉంటాయి. మనిషికి ఐదు నుంచి పదిహేను వేలు. రెండు మూడేళ్లు బతికే ఎలుకకు మనకంటే పొడుగు. పొడవుకు ఏ సంబంధమూ లేదనీ కాదు. 2021లో ఎరాబిడాప్సిస్, వరి, మొక్కజొన్న రకాలను పోల్చి చూస్తే, పొడుగు టెలోమియర్లున్నవి త్వరగా పూతకు వస్తున్నట్టు కనిపించింది. ఎందుకో అన్నది ఇంకా వాదన.

ఇన్ని తరాలు మొక్క ఎలా ఓర్చుకుందన్నది కూడా చూడాల్సిందే. మొవ్వలో, వేరు మొనలో ఉండే మూలకణాలు తక్కువసార్లు చీలుతాయి. ఇంటి పెద్దలా తాము కదలకుండా కూర్చుని, పిల్ల కణాలతో ఎక్కువ పని చేయిస్తాయి. డీఎన్‌ఏ చెడిన మూలకణాన్ని చచ్చిపొమ్మని ఆజ్ఞ ఇచ్చే సాగ్-1 అనే ప్రొటీన్ కూడా ఉంది. అది చస్తే పక్క కణం ఆ పీట ఎక్కుతుంది. మొక్కలో ఏ కణానికీ పుట్టుకతో వచ్చిన పదవి అంటూ లేదు, ఎక్కడ కూర్చుంటే ఆ పని. అందుకే చీనీ కొమ్మ మీది కన్ను పుట్టేదాకా దాని వెనక జరిగిన కణ విభజనలు చెట్టు వయసును చూసి మనం ఊహించినన్ని ఉండవు. కొమ్మ పెరిగేటప్పుడే ఆకు పంగలో నాలుగు కణాలను పక్కకు తీసి, నిద్రపుచ్చి ఉంచుతుంది.

కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమానుకు పోయినప్పుడు నేను పిల్లలకు చూపించేది ఇదే. 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిన చెట్టు. జనం చెప్పే కథ ప్రకారం 1434లో తిమ్మమ్మ చితికి నాటిన గుంజ చిగురించి అయింది. "మొదటి మాను ఏది సార్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఊడలు దిగి మానులై, ఆ మానుల కొమ్మల నుంచి మళ్లీ ఊడలు దిగిన చోట ఆ ప్రశ్నకు పెద్ద విలువ లేదు. అక్కడ ఆరు వందల ఏళ్లున్న కొయ్య వెతికితే దొరకడం కష్టం. ఈ ఏడాది వచ్చిన చిగురు మాత్రం ఈ ఏడాదిదే. చైనాలో గింగో చెట్ల బెరడు కింది పెరిగే పొరను పదిహేనేళ్ల చెట్టు నుంచి 667 ఏళ్ల చెట్టు దాకా పరీక్షించి 2020లో అచ్చువేశారు. పాత చెట్టు కొత్త పొర సన్నగా వేస్తోంది గానీ, ముసలితనం ఆనవాళ్లు ఆ కణాల్లో పట్టుబడలేదు.

పెద్దరికం వేరు

మామకు ఇదంతా చెప్పలేదు. "ముసలితనం రాదు మామా. పెద్దరికం వస్తాది" అన్నాను.

ఆయన ప్రశ్నలో సగం నిజం ఉంది. చీనీ విత్తనం నాటితే మొక్క ముళ్లతో, ఏపుగా, పొగరుగా పెరుగుతుంది, పూతకు రావడానికి ఏళ్లు పడుతుంది. అదే కాపు చెట్టు కన్ను కడితే ముళ్లు తక్కువ, నాలుగో ఏటికి కాపు చూడొచ్చు. కంటికి తన వయసు గుర్తుంది కాబట్టే ఇది జరుగుతోంది. అయితే ఆ గుర్తు రాసుకునే పుస్తకం టెలోమియర్ కాదు. లేత మొక్కల్లో మైక్రో ఆర్‌ఎన్‌ఏ 156 అనే చిన్న తునక దండిగా ఉండి పూతను ఆపుతుంది. మొక్క పెద్దదయ్యేకొద్దీ అది తగ్గుతుంది. కాపు కొమ్మలో తగ్గినది అంటులో అలాగే ఉంటుంది. రైతుకు కావాల్సింది కూడా అదే.

మరి నైట్ చూసిన ఆపిల్ చెట్లు ఎందుకు చిక్కిపోయాయి? ఆయన కాలానికి వైరస్‌ల సంగతే ఎవరికీ తెలియదు. పుల్లతో పాటు రోగం కూడా అంటులోకి ఎక్కుతుందని తర్వాత తెలిసింది. మన చీనీలో ట్రిస్టిజా వైరస్, గ్రీనింగ్ తెగులు తెచ్చే సూక్ష్మజీవి ఇలాగే కంటి వెంట వస్తాయి. అనంతపురం వైపు తోటలను నరికించేది ఎక్కువగా వేరుకుళ్లు, అదైతే కింద నేలలోంచే వస్తుంది. వీటిని చూసి "పాత రకం, ఆయుష్షు తీరింది" అనుకోవడం, జ్వరం వచ్చినవాణ్ణి చూసి జాతకం బాలేదనడం లాంటిదే.

"తల్లి చెట్టుకు ఆకులు పసుపు మచ్చలు ఉన్నాయా? కాయ ఒకపక్క వంకరగా కాస్తోందా?" అని అడిగాను. వంకర కాయ గ్రీనింగ్ గుర్తుల్లో ఒకటి. మామ ఆ చెట్టు దగ్గరికి తీసుకుపోయి చూపించాడు. ఆకు పచ్చగా, కాయ గుండ్రంగా ఉంది. చెట్టు మాత్రం ఒక పక్కకు ఒరిగి, మొదలు పగిలి, చూడటానికి నిజంగానే ముసల్ది.

"ఆ మేస్త్రీ ఎవరో మోకాలికి రాసుకునేదానికి దొరకడా మరి?" అన్నాడు తిరిగి వస్తూ, గట్టెక్కడానికి నా భుజం పట్టుకుని. టెలోమియర్లు పెంచుతామని ఆన్‌లైన్లో బిళ్లలు అమ్ముతున్నారని ఆయనకు చెప్పలేదు. చెబితే ఆర్డర్ పెట్టమంటాడు. ఒంట్లో ఆ మేస్త్రీని ఎక్కడపడితే అక్కడ లేపితే ఏ కణం మేలుకుంటుందో చెప్పలేం మామా అని మాత్రం అన్నాను.

మూడు వారాలకు మళ్లీ పోయాను. అంటు పట్టిందో లేదో చూడటానికి పట్టీ విప్పనక్కర్లేదు, కంటి కింద వదిలిన ఆకు కాడ మొండాన్ని వేలితో తాకాలి. ముట్టగానే రాలిపోతే కన్ను బతికింది, ఎండి అట్లాగే అంటుకుని ఉంటే పోయింది. మామ వరసగా ఒక్కో మొక్క దగ్గర వంగి తాకుతూ పోయాడు. ఇరవైలో పదిహేడు రాలాయి. మిగిలిన మూడింటి దగ్గర ఆగి పట్టీ లాగి చూసి, "చుట్టడం వదులైంది. ఇది నా తప్పే" అన్నాడు. కత్తి తీసి, కన్నుకు పైన జానెడు వదిలి, పదిహేడు రంగపూర్ నిమ్మల తలలు తెంచడం మొదలుపెట్టాడు.